ఏవ్‌బరీ చూడడం ఎలా: ముందు ఊరి చర్చి, తర్వాతే రాళ్లు

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే ఇంగ్లండ్‌లో ఉండే తెలుగువాళ్లు చాలామంది వాళ్లను స్టోన్‌హెంజ్‌కి తీసుకెళ్తారు. టికెట్ కొని, తాడు ఇవతల నిలబడి రాళ్లు చూసి, నాలుగు ఫొటోలు దిగి వచ్చేస్తారు. అదే విల్ట్‌షైర్ కౌంటీలో, అక్కడికి ఉత్తరంగా కారులో గంట లోపు దూరంలో, ఏవ్‌బరీ అనే పల్లె ఉంది. వేల ఏళ్ల కిందట గుండ్రంగా నిలబెట్టిన రాళ్ల వలయాల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది ఇక్కడే ఉంది. టికెట్ లేదు, తాడు లేదు. రాళ్లను చేత్తో తాకవచ్చు. ఊళ్లో కొంత భాగం ఆ వలయం లోపలే ఉంటుంది: ఇళ్లు, ఒక పబ్బు, మధ్యలోంచి వెళ్లే బస్సు రోడ్డు. 1986లో స్టోన్‌హెంజ్‌తో పాటు దీన్నీ ప్రపంచ వారసత్వ స్థలంగా యునెస్కో గుర్తించింది.

వచ్చినవాళ్లలో ఎక్కువమంది బస్సు దిగగానే రాళ్లవైపు పరిగెడతారు. నేను మాత్రం ముందు చర్చికి వెళ్లమంటాను. దానికి కారణం ఉంది. ఇప్పుడు మనకు కనిపించే రాళ్లలో చాలావాటిని 1930లలో నేలలోంచి తవ్వితీసి మళ్లీ నిలబెట్టారు. సెయింట్ జేమ్స్ చర్చి అలా కాదు, దాదాపు వెయ్యేళ్లుగా వాడుకలో ఉంది. రాళ్లను పూడ్చినవాళ్లు, పగలగొట్టినవాళ్లు, కాపాడినవాళ్లు అందరూ ఈ చర్చి గంట వింటూ బతికినవాళ్లే. ఆ ఊరి మనుషుల సంగతి కొంత తెలిశాక చూస్తే రాళ్ల కథ బాగా అర్థమవుతుంది.

బయల్దేరే ముందు

రైల్లో అయితే లండన్ పాడింగ్టన్ నుంచి స్విండన్ దాకా సుమారు గంట ప్రయాణం. స్విండన్ నుంచి డివైజెస్ వైపు వెళ్లే 49 నంబరు బస్సు ఏవ్‌బరీ ఊరి మధ్యలో ఆగుతుంది, అరగంట పైచిలుకు పడుతుంది. ఆదివారాలు, సెలవు రోజుల్లో బస్సులు తక్కువ. తిరుగు బస్సు వేళ కూడా ముందే చూసుకోండి, లేకపోతే సాయంత్రం టెన్షన్. కారులో వెళ్తే ఊళ్లోకి తీసుకెళ్లకండి. ఊరికి దక్షిణాన ఎ4361 రోడ్డు పక్కన, పాత కట్టడాలనూ స్థలాలనూ కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల పెద్ద కారు పార్కు ఉంది. డబ్బు కట్టాలి, సభ్యత్వం ఉంటే అక్కర్లేదు.

ఏ నెలలో వెళ్లాలి? ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా హాయిగా ఉంటుంది. జూన్ 21 దగ్గర్లో మాత్రం వద్దు. ఏడాదిలో పగలు అతి పొడుగ్గా ఉండే ఆ రోజు సూర్యోదయం కోసం రాత్రంతా మేలుకుని డప్పులు కొట్టేవాళ్లతో ఊరు నిండిపోతుంది, పార్కింగ్ మీద ఆంక్షలు పెడతారు. ఆ సందడే చూడాలనుకుంటే వెళ్లండి గానీ చర్చినీ రాళ్లనూ నింపాదిగా చూడడం కుదరదు. ఆదివారం పొద్దున చర్చిలో ప్రార్థన ఉండవచ్చు. ఆ సమయంలో తిరిగి చూడడానికి లోపలికి వెళ్లకూడదు, కూర్చుని ప్రార్థనలో పాల్గొనడానికైతే ఎవరైనా వెళ్లవచ్చు. పెళ్లి, అంత్యక్రియలు ఉంటే తలుపు దగ్గర నోటీసు పెడతారు.

బూట్లు గట్టివి వేసుకోండి. ఇక్కడి నేల సుద్దరాయి. వాన పడితే సబ్బు రాసినట్టు జారుతుంది. దగ్గరుంచుకోవలసినవి వాన కోటు, నీళ్లు, చిన్న టార్చి. ఫోన్ సిగ్నల్ మీద భరోసా పెట్టుకోకుండా ఆర్డ్నెన్స్ సర్వే ఎక్స్‌ప్లోరర్ 157 మ్యాపు తీసుకోండి, పొలాల మధ్య నడకదారులన్నీ ఆకుపచ్చ గీతలతో అందులో ఉంటాయి. శాకాహారులు పులిహోరో, చపాతీలో కట్టుకెళ్తే మంచిది. తినడానికి చోట్లున్నా మీకు నచ్చినవి దొరుకుతాయని చెప్పలేం.

మొదటి అంచె: చర్చి బయట

చర్చి రాతి వలయానికి పడమర పక్కన, వలయం చుట్టూ పోసిన కట్టకు అవతల ఉంటుంది. లోపలికి వెళ్లేముందు చుట్టూ ఒకసారి తిరగండి. మనకు గుడి చుట్టూ తిరగడం అలవాటే కాబట్టి ఇది కష్టం కాదు. ఇంగ్లండ్ పాత చర్చిలన్నీ దాదాపు తూర్పు ముఖంగానే కట్టారు: బలిపీఠం తూర్పున, గంటల టవరు సాధారణంగా పడమర చివర. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఏ పల్లె చర్చి దగ్గరైనా దిక్కులు కనిపెట్టవచ్చు.

వయసు కనిపెట్టడానికి కిటికీలు, తలుపులు చూడాలి. ఒక మోటు కొలమానం చెబుతాను, ఇంగ్లండ్ పల్లెల్లో ఎక్కడికెళ్లినా పనికొస్తుంది. ఎత్తుగా, ఇరుకుగా ఉన్న గోడలకు బుల్లి కిటికీలు ఉంటే ఆంగ్లో-సాక్సన్ కాలం, అంటే నార్మన్లు ఇంగ్లండ్‌ను జయించిన 1066కు ముందు. గుండ్రటి అర్ధచంద్రాకారపు ఆర్చి, లావుపాటి స్తంభాలు ఉంటే నార్మన్ కాలం, సుమారు 1190 దాకా. ఆర్చి పైన మొన తేలితే ఆ తర్వాతిది. కిటికీ బాగా వెడల్పై, నిలువు రాతి కమ్ములు కింది నుంచి పై దాకా సాగితే 14వ శతాబ్దం రెండో సగం నుంచి 16వ శతాబ్దం మొదటి సగం లోపు.

ఏవ్‌బరీలో ఇవి ఒకే గోడలో కలగాపులగంగా కనిపిస్తాయి. మధ్య హాలు సాక్సన్‌లది, సుమారు 1000 సంవత్సరం నాటిది. పక్క నడవలు 12వ శతాబ్దంలో చేర్చారు. టవరు 15వ శతాబ్దానిది. ఎవరూ చర్చి మొత్తం కూల్చి కొత్తది కట్టలేదు. డబ్బు వచ్చినప్పుడల్లా ఒక గోడకు కంత పెట్టి మరో గది కలిపారు. దక్షిణం వైపు తలుపు చుట్టూ ఉన్న ఆర్చి గుండ్రంగా ఉంటుంది, అది ఏ కాలానిదో ఇప్పుడు మీరే చెప్పేయగలరు.

సమాధుల మధ్య నడిచేటప్పుడు గడ్డిలో కాలిబాట ఉన్నచోటే నడవండి. రాతి మీది పేరు చదవడానికి నాచు గీకడం, సుద్ద రాయడం వద్దు. పక్కకు వంగి, ఫోన్ టార్చి వెలుగు ఏటవాలుగా పడేలా పట్టుకుంటే అరిగిన అక్షరాలు లేచి కనిపిస్తాయి.

రెండో అంచె: చర్చి లోపల

తలుపు ఇనుప గడియ ఉంగరంలా ఉంటుంది, తిప్పి నెట్టాలి. బరువుగా ఉంటే మూసేశారనుకుని వెనక్కి వచ్చేయకండి. చెప్పులు విప్పక్కర్లేదు. బూట్లకు బురద ఉంటే మాత్రం పోర్చిలో దులుపుకోండి, లేకపోతే విప్పి మేజోళ్లతో వెళ్లండి, ఎవరూ ఏమీ అనుకోరు. మగవాళ్లు టోపీ తీయడం మర్యాద. బలిపీఠం ముందున్న కమ్మీ దాటి వెళ్లకూడదు. ఫొటోలు తీసుకోవచ్చు గానీ ఎవరైనా కళ్లు మూసుకుని కూర్చుని ఉంటే ఆగండి.

లోపలికి వెళ్లగానే కళ్లు చీకటికి అలవాటు పడేదాకా వెనక బెంచీ మీద కూర్చోండి. తర్వాత మధ్య హాలు గోడల పైభాగం వైపు చూడండి. చిన్న చిన్న సాక్సన్ కిటికీలు ఇంకా ఉన్నాయి, వాటిలో కొన్ని చుట్టూరా గుండ్రంగా, ఓడ కిటికీల్లా ఉంటాయి. పల్లె చర్చిలో గాజు లేని రోజుల్లో కిటికీ ఎంత పెద్దదైతే అంత చలి లోపలికి వచ్చేది. అందుకే అంత చిన్నవి.

తర్వాత బాప్తిస్మపు తొట్టి దగ్గరికి వెళ్లండి. చాలా పల్లె చర్చిల్లో ఇది తలుపు దగ్గరే ఉంటుంది, ఎందుకంటే బాప్తిస్మంతోనే మనిషి సంఘంలోకి అడుగుపెడతాడు. ఏవ్‌బరీలో ఉన్నది రాతిని తొలిచిన పీపాలాంటి తొట్టి. దీని దగ్గర కనీసం పది నిమిషాలు గడపమంటాను. కింది సగంలో ఒకదాన్నొకటి కోసుకుంటూ సాగే ఆర్చిల వరస చెక్కారు. పైన చేతికర్ర పట్టుకున్న బిషప్పు, అతనికి రెండు వైపులా మెలికలు తిరిగిన రెండు డ్రాగన్లు. తల వెనక్కి తిప్పి, నోరు తెరిచి ఉంటాయి. వేలితో తాకకుండా, మోకాళ్ల మీద కూర్చుని చూస్తే తోకల మెలికలు రాతి మీద ఎలా పాకాయో తెలుస్తుంది. చెక్కినవాడు గొప్ప శిల్పేమీ కాదు, బిషప్పు తల ఒంటికి కుదరలేదు. కానీ డ్రాగన్లను మాత్రం ఇష్టంగా చెక్కాడు. పాత మతం మీద కొత్త మతం గెలుపని కొందరు దీనికి అర్థం చెబుతారు. నాకు అంత దూరం వెళ్లాలనిపించదు, ఆ కాలపు శిల్పాల్లో పాపానికి గుర్తుగా పామునూ డ్రాగన్‌నూ ఎక్కడ పడితే అక్కడ చెక్కేవారు.

ఇక ఈ చర్చిలో అసలు విశేషం. తూర్పుగా, మధ్య హాలుకూ పాదిరి ఉండే భాగానికీ నడుమ, తల పైన రంగులేసిన చెక్క బాల్కనీ ఒకటి కనిపిస్తుంది. దాన్ని రూడ్ లాఫ్ట్ అంటారు. 15వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో ఇంచుమించు ప్రతి చర్చిలోనూ ఇలాంటిది ఉండేది. దాని మీద శిలువ వేసిన క్రీస్తు, ఇరువైపులా మరియ, యోహాను బొమ్మలు నిలబెట్టేవారు. 16వ శతాబ్దం నడుమ దేశం ప్రొటెస్టెంటు మతంలోకి మారినప్పుడు విగ్రహాలు తీసేయమనీ, తర్వాత ఆ బాల్కనీలూ దించేయమనీ పైనుంచి ఆజ్ఞలు వచ్చాయి. దేశమంతటా వాటిని నరికి పొయ్యిలో పెట్టారు. ఏవ్‌బరీలో మాత్రం దాన్ని నరకలేదు. అక్కడే గోడకు చేర్చి నిలబెట్టి కనబడకుండా కప్పేశారు. 1810లో బయటపడేదాకా అది అక్కడ ఉన్నట్టు ఎవరికీ తెలియదు. తర్వాత మరమ్మతు చేసి మళ్లీ పైకెక్కించారు. కింద ఉన్న చెక్క తెర కొత్తది, విక్టోరియా రాణి కాలపుది. పైనున్న భాగంతో పోల్చి చూస్తే రెంటి పనితనంలో తేడా తెలిసిపోతుంది.

వెళ్తూ వెళ్తూ గోడల మీది స్మారక ఫలకాలు కూడా చదవండి. ఈ చర్చి అనే కాదు, ఇంగ్లండ్‌లో ఏ పల్లె చర్చిలోనైనా ఈ అలవాటు మంచిది. ఈస్టిండియా కంపెనీ కొలువులోనూ తర్వాత మద్రాసు సైన్యంలోనూ పనిచేసి అక్కడే పోయినవాళ్ల పేర్లు ఇలాంటి గోడల మీద అరుదేమీ కాదు. మచిలీపట్నం, సికింద్రాబాదు లాంటి ఊళ్ల పేర్లు ఆ కాలపు స్పెల్లింగులో ఎదురైతే ఆశ్చర్యపోకండి.

తలుపు పక్కన హుండీ ఉంటుంది. ఇలాంటి చర్చిల మరమ్మతుకు ప్రభుత్వం నెలనెలా డబ్బిచ్చే పద్ధతి ఇంగ్లండ్‌లో లేదు. పైకప్పు కారినా, గోడ బీటలు వారినా ఆ పారిష్ వాళ్లే, అంటే ఆ చర్చి పరిధిలోని వాళ్లే, చందాలు పోగుచేసుకోవాలి. రాళ్లకు టికెట్ లేదు కదా, ఆ మిగిలిన డబ్బులో నాలుగైదు పౌండ్లు ఇక్కడ వేయండి.

మూడో అంచె: కొట్టాలు, మ్యూజియం

చర్చి పక్కనే 16వ శతాబ్దం నుంచి ఉన్న ఏవ్‌బరీ మేనర్ అనే జమీందారీ ఇల్లు, పావురాల గూడు, 17వ శతాబ్దపు గడ్డికప్పు కొట్టం ఉన్నాయి. మేనరులోకి టికెట్ ఉంటుంది, అన్ని రోజులూ తెరవరు. టైం తక్కువైతే దీన్ని వదిలేయండి. అలెగ్జాండర్ కీలర్ మ్యూజియం మాత్రం చూడండి, చిన్నదే. కీలర్ మార్మలేడ్ అనే నారింజ జామ్ వ్యాపారంతో డబ్బు చేసిన కుటుంబంలో పుట్టాడు. ఆ డబ్బుతో ఊరు చాలావరకు కొనేసి, 1934 నుంచి 1939 దాకా తవ్వించి, పూడ్చిన రాళ్లను లేపి నిలబెట్టాడు. రాయి దొరకని చోట సిమెంటు గుర్తులు పాతించాడు. వలయం లోపల ఉన్న కొన్ని ఇళ్లు కూడా తీయించేశాడు. ఆ విషయంలో ఊళ్లోవాళ్లు ఏమనుకుని ఉంటారో ఊహించుకోవచ్చు. 1943లో స్థలాన్ని నేషనల్ ట్రస్టుకు అమ్మేశాడు.

మ్యూజియంలో దగ్గర్లోని విండ్‌మిల్ హిల్ అనే గుట్ట మీద దొరికిన ఒక చిన్న పిల్లవాడి అస్థిపంజరం ఉంది. దాన్ని తిరిగి పాతిపెట్టాలని, క్రైస్తవానికి ముందటి పాత మతాన్ని ఇప్పుడు పాటించే డ్రూయిడ్‌లు అడిగారు. చర్చలు జరిపి, 2010లో అక్కడే ఉంచాలని నిర్ణయించారు. చిన్నపిల్లలతో వెళ్తే ఆ గది గురించి ముందే చెప్పి తీసుకెళ్లండి.

నాలుగో అంచె: రాళ్ల వలయం

కొట్టాల దగ్గరి నుంచి గేటు తీసుకుని వెళ్తే వలయంలో వాయవ్య భాగానికి వస్తారు. గేటు వెనకాలే మూసేయండి, గొర్రెలు ఉంటాయి. రోడ్లు వలయాన్ని నాలుగు ముక్కలు చేశాయి. వాయవ్యం, ఈశాన్యం, ఆగ్నేయం, నైరుతి, ఈ వరసలో తిరిగితే చక్కగా ప్రదక్షిణంగా వస్తుంది, అందరికీ అదే దారి సులువు కూడా.

మొదట కట్ట ఎక్కి గుంట వైపు చూడండి. క్రీ.పూ. 2850 నుంచి 2200 మధ్య దఫదఫాలుగా జరిగిన పని ఇది. ఇప్పుడు సగానికి పైగా పూడిపోయింది గానీ, తవ్వినప్పుడు గుంట సుమారు తొమ్మిది మీటర్ల లోతు. ఇనుము లేని కాలం. జింక కొమ్ములతో సుద్దరాయిని పెళ్లగించి మోసి ఆ కట్ట పోశారు. బయటి వలయంలో మొదట సుమారు వంద రాళ్లుండేవి, లోపల మరో రెండు చిన్న వలయాలు.

వాయవ్య భాగం చివర, స్విండన్ రోడ్డును ఆనుకుని పెద్ద చదరపు రాయి ఒకటి మూల మీద నిలబడినట్టు ఉంటుంది. దాని పేరు స్విండన్ స్టోన్. బరువు అరవై టన్నులకు పైనే. ఎప్పుడూ పడిపోని కొద్ది రాళ్లలో ఇదొకటి. ఇక్కడ రోడ్డు దాటడం జాగ్రత్త, కాలిబాట సన్నం.

తూర్పు కట్ట మీద బీచ్ చెట్ల వేళ్లు నేల మీదికి తేలి అల్లుకుపోయి ఉంటాయి. కొమ్మలకు రంగు రిబ్బన్లు, కాగితాలు కట్టి ఉంటాయి, మన దగ్గర చెట్టుకు ముడుపు కట్టినట్టే. ప్లాస్టిక్‌వి మాత్రం మీరు కట్టకండి, కొమ్మ పెరిగేకొద్దీ ఆ ముడి దాన్ని కోసేస్తుంది.

నైరుతి భాగాన్ని ఆఖరున ఉంచమన్నది ఊరికే కాదు. అక్కడ బార్బర్ స్టోన్ అనే రాయి ఉంది. 14వ శతాబ్దంలో ఊళ్లోవాళ్లు చాలా రాళ్లను గోతులు తీసి పూడ్చారు. భయంతోనా, పాదిరి చెప్పాడనా, పొలానికి అడ్డమనా అన్నది ఇప్పటికీ వాదనే. 1938లో కీలర్ మనుషులు ఈ రాయిని లేపుతుంటే కింద ఒక మనిషి ఎముకలు దొరికాయి. పక్కన వెండి నాణేలు, కత్తెర, క్షౌరవైద్యులు వాడే సూదిలాంటి పనిముట్టు ఉన్నాయి. నాణేల్ని బట్టి 1320ల కాలం అని లెక్కగట్టారు. రాయి మీదపడి చచ్చిపోయాడని కథ పాకింది. ఆ ఎముకలు రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడ్డప్పుడు పోయాయనుకున్నారు గానీ, 1990లలో దొరికాయి. తీరా పరిశీలిస్తే రాయి నలిపిన గుర్తులు కనిపించలేదు. ముందే చనిపోయినవాణ్ణి ఆ గోతిలో పెట్టి ఉండవచ్చు.

పూడ్చడం కన్నా దారుణం 17, 18 శతాబ్దాల్లో జరిగింది. 1649లో పాత కట్టడాల పరిశోధకుడు జాన్ ఆబ్రీ ఈ చోటు గొప్పతనం గుర్తించి, 1663లో రాజు రెండో చార్లెస్‌ను తీసుకొచ్చి చూపించాడు. అయినా ఆగలేదు. రాయి కింద గొయ్యి తీసి గడ్డి మంట పెట్టేవారు. బాగా కాలాక దాని మీద గీత గీసినట్టు చన్నీళ్లు పోసి, సమ్మెటలతో కొట్టేవారు. 1719 నుంచి కొన్నేళ్లు ఇక్కడికి వచ్చిన మరో పరిశోధకుడు విలియం స్టూక్లీ కళ్లారా చూసి, రాసి, బొమ్మలు గీసి పెట్టాడు. ఏ రాయి ఎక్కడుండేదో కీలర్‌కు తెలియడంలో ఆ కాగితాల సాయం చాలా ఉంది. పగలగొట్టిన ఆ రాతి ముక్కలు ఎక్కడికీ పోలేదు. హైస్ట్రీట్ మీద నడుస్తూ ఇళ్ల గోడలు చూడండి, వలయంలోని జాతి రాయే అయిన బూడిదరంగు సార్సెన్ రాళ్లు ఇటుకల మధ్య తేలిగ్గా దొరికిపోతాయి.

ఐదో అంచె: సిల్బరీ హిల్, వెస్ట్ కెన్నెట్ సమాధి

ఓపిక ఉంటే మధ్యాహ్నం భోంచేసి నడక మొదలుపెట్టండి. పెద్ద కారు పార్కు ఎదుట రోడ్డు దాటి, వాగు వెంబడి దక్షిణంగా వెళ్లే బాట పట్టండి. కుడివైపు శంకువు తల కోసేసినట్టున్న పచ్చటి గుట్ట కనిపిస్తుంది. అది సిల్బరీ హిల్, సుమారు క్రీ.పూ. 2400 నాటిది, మనుషులు పోసిన గుట్ట. సుమారు అయిదు లక్షల టన్నుల సుద్దరాయి. లోపల రాజు సమాధి, బంగారం ఉందని 1776లో పైనుంచి నిలువునా, 1849లో పక్క నుంచి సొరంగం తవ్వారు, ఏమీ దొరకలేదు. పాత గొయ్యి 2000లో పైన కుంగింది, తర్వాత సుద్దరాయితో నింపి గట్టి చేశారు. ఎక్కడం నిషేధం. కంచె దాటి ఎక్కేవాళ్లు కనిపిస్తారు, వాళ్లను చూసి మీరు ఎక్కకండి.

ఎ4 రోడ్డు దాటాలి. కార్లు చాలా వేగంగా వస్తాయి, పిల్లల చెయ్యి వదలొద్దు. అవతల పొలంలోంచి చిన్న చడవు ఎక్కితే వెస్ట్ కెన్నెట్ లాంగ్ బారో వస్తుంది. సుమారు క్రీ.పూ. 3650 నాటి సామూహిక సమాధి, వంద మీటర్ల పొడవున గడ్డి పరుచుకున్న దిబ్బ. ఏవ్‌బరీ రాళ్లు నిలబెట్టడానికి వందల ఏళ్ల ముందే ఇది ఉంది. ముందు వరసలో పెద్ద రాళ్లు అడ్డం ఉంటాయి, వాటి పక్కనుంచి లోపలికి దూరాలి. అయిదు గదుల్లో కలిపి కనీసం 36 మంది ఎముకలు దొరికాయి. టార్చి ఇక్కడికే. దీపాలు, కొవ్వొత్తులు వెలిగించకండి, మసి రాయిలోకి ఇంకిపోతుంది.

తిరిగి అదే దారిలో రావచ్చు. ఇంకా నడవగలిగితే తూర్పుగా ఈస్ట్ కెన్నెట్ పల్లె మీదుగా శాంక్చువరీ అనే చోటుకు వెళ్లి, అక్కడి నుంచి వెస్ట్ కెన్నెట్ అవెన్యూ రాళ్ల జతల మధ్యగా ఏవ్‌బరీకి రావచ్చు. మొత్తం చుట్టు ఎనిమిది కిలోమీటర్లకు అటూ ఇటూ అవుతుంది. అవెన్యూ రాళ్లు ఒకటి సన్నగా పొడుగ్గా ఉంటే, ఎదుటిది వెడల్పుగా ఉంటుంది. ఆడ, మగ అని కొందరంటారు, దానికి రుజువు లేదు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు తోడుంటే ఈ అంచె వదిలేయడమే మంచిది. చర్చి, మ్యూజియం, నైరుతి భాగం, ఈ మూడూ దగ్గర దగ్గరగానే ఉంటాయి, నేల కూడా చాలావరకు సమతలం. సిల్బరీ హిల్‌ను కారులో ఎ4 పక్కనున్న చిన్న పార్కింగ్ దగ్గర ఆగి కంచె ఇవతల నుంచి చూపించవచ్చు. చలికాలం వానలు ఎక్కువగా పడితే గుట్ట చుట్టూ గుంటలో నీళ్లు నిలుస్తాయి. ఫొటోకు అదే మంచి సమయం, కానీ వాగు బాట మాత్రం బురదే బురద. అప్పుడు రబ్బరు బూట్లు లేకుండా నడక పెట్టుకోవద్దు.